రాజీ పత్రంపై వేలిముద్ర చాలదు

తమ మంచిచెడ్డలు తాము చూసుకోలేని వారి వ్యాజ్యాల్లో న్యాయస్థానం అనుమతి తప్పనిసరి
అనుమతి నామమాత్రమైతే నష్టపోయేది నోరు లేని కక్షిదారుడే

జాతీయ లోక్ అదాలత్ ముగిసిన మరునాడు జిల్లా పేజీల్లో ఒకే తీరు వార్తలు రావడం పరిపాటి. ఇన్ని కేసులు పరిష్కారమయ్యాయి, ఇన్ని కోట్ల పరిహారం ఇప్పించారు అన్న అంకెలతో ఆ వార్తలు నిండి ఉంటాయి. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే బదులు ఒక్క పూటలో తగాదా తెగిపోవడం మంచిదే. అయితే ఆ అంకెల్లో కలిసిపోయే కొన్ని కేసులు మిగిలిన వాటి వంటివి కావు. వాటిలో అసలు కక్షిదారుడికి తాను కోర్టుకు వచ్చిన సంగతే తెలియదు. రోడ్డు ప్రమాదంలో తలకు గాయమై మాట, జ్ఞాపకం పోయిన మేస్త్రీ కావచ్చు. పుట్టుకతో బుద్ధిమాంద్యం ఉండి, ముప్పై ఏళ్లు వచ్చినా డబ్బు లెక్క తెలియని తమ్ముడు కావచ్చు. వార్ధక్యంలో మతిమరుపు వ్యాధి ముదిరి కన్నబిడ్డలనే గుర్తించలేని తల్లి కావచ్చు. వారి తరఫున తండ్రో, భార్యో, అన్నో సంతకం చేస్తారు. ఆ సంతకంతో పరిహారం, భూమి, ఇల్లు, జీవితాంతం పోషణ వంటి హక్కులన్నీ ఒక్కసారిగా తేలిపోతాయి.

సంతకం చేసిన వ్యక్తి మంచి కక్షిదారుడి మంచీ ఒకటేనా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. సమాధానం చెప్పవలసిన బాధ్యతను చట్టం బంధువుపై గానీ, న్యాయవాదిపై గానీ పెట్టలేదు. న్యాయమూర్తిపైనే పెట్టింది.

చట్టం ఏమంటున్నది?

1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలో 32వ ఆర్డరు మైనర్ల వ్యాజ్యాలకు సంబంధించినది. అందులోని 15వ నిబంధన ఆ రక్షణలనే మానసిక అస్వస్థత లేదా వైకల్యం కారణంగా తమ ప్రయోజనాలు కాపాడుకోలేని పెద్దలకూ వర్తింపజేసింది. దావా వేసేటప్పుడు అలాంటి వ్యక్తి తరఫున నిలబడే వారిని కోర్టు పరిభాషలో నెక్స్ట్ ఫ్రెండ్ అంటారు. ఆ వ్యక్తిపైనే దావా పడితే అతని పక్షాన కోర్టు గార్డియన్‌ను నియమిస్తుంది. గార్డియన్‌గా ఉండేవారు మేజరై, స్వస్థచిత్తులై ఉండాలి. వారి ప్రయోజనం కక్షిదారుడి ప్రయోజనానికి విరుద్ధంగా ఉండరాదు. తగిన వారెవరూ లేకపోతే కోర్టు తన అధికారులలో ఒకరినే గార్డియన్‌గా నియమించవచ్చు.

రాజీకి సంబంధించి కీలకమైనది 7వ నిబంధన. కోర్టు అనుమతి లేకుండా నెక్స్ట్ ఫ్రెండ్ గానీ, గార్డియన్ గానీ ఏ ఒప్పందమూ, ఏ రాజీ చేసుకోరాదు. అనుమతి ఇచ్చినట్టు కోర్టు రికార్డులో స్పష్టంగా నమోదై ఉండాలి. రాజీని కోర్టు చదివి డిక్రీ ఇచ్చింది కాబట్టి అనుమతి ఇచ్చినట్టేనని అనుకోవడానికి వీలు లేదు. 1976 సవరణ మరో మెట్టు చేర్చింది. అనుమతి కోరే దరఖాస్తుతో పాటు నెక్స్ట్ ఫ్రెండ్ ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. న్యాయవాది ఉంటే, ఈ రాజీ తన అభిప్రాయంలో కక్షిదారుడికి ప్రయోజనకరమేనని ఆయన ధ్రువీకరణ ఇవ్వాలి. ఆ ధ్రువీకరణ ఉన్నంత మాత్రాన కోర్టు కళ్లు మూసుకోనక్కరలేదని, తానుగా పరిశీలించే అధికారం కోర్టుకు ఉన్నదని అదే నిబంధన చెబుతున్నది.

ఈ అనుమతి లేకుండా జరిగిన రాజీ పూర్తిగా చెల్లనిది కాదు. కక్షిదారుడు కోరితే దానిని రద్దు చేయించుకోవచ్చు. అవతలి పక్షానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. అనుమతి లేదన్న సాకుతో బీమా కంపెనీ గానీ, అన్నదమ్ములు గానీ వెనక్కి తగ్గడానికి వీలు లేదు. కాగితం మీద ఇది బలహీనుడి పక్షాన నిలిచిన నిబంధనే. ఆచరణకు వచ్చేసరికి ఒక చిక్కు ఉన్నది. మైనరుకు ఏదో ఒక రోజు పద్దెనిమిదేళ్లు నిండుతాయి. అప్పుడు తానే వచ్చి ప్రశ్నించగలడు. బుద్ధిమాంద్యం ఉన్న వ్యక్తికి ఆ రోజు రాదు. తన రాజీ రద్దు చేయించుకోవచ్చని తెలుసుకోగలిగితే అతనికి ఈ రక్షణ అవసరమే ఉండేది కాదు. అందువల్ల తరువాత రద్దు చేయించుకునే హక్కు కంటే, రాజీ కుదిరే నాడు న్యాయమూర్తి అడిగే నాలుగు ప్రశ్నలే ఇతనికి అసలైన రక్షణ.

అసలు గార్డియనే లేకుండా మతిస్థిమితం లేని వ్యక్తిపై డిక్రీ ఇస్తే ఏమవుతుంది? అది మొదటి నుంచీ చెల్లదని సుప్రీంకోర్టు 1968 నాటి సంపుటాల్లో ప్రచురితమైన తీర్పులో తేల్చింది. ఆ కేసులో డిక్రీ అమలు పేరిట ఇల్లు వేలమైంది. డిక్రీయే శూన్యం కనుక ఆ వేలం కూడా శూన్యమేనని ధర్మాసనం పేర్కొన్నది. కక్షిదారుడి మానసిక స్థితిపై వివాదం తలెత్తినప్పుడు కోర్టు విచారణ జరిపి తేల్చాల్సిందేనని 2003లో మరో తీర్పు వచ్చింది.

రూ.15 లక్షలు ఎక్కువా, తక్కువా?

చట్టం ప్రయోజనం అన్న మాట వాడింది గానీ దానిని నిర్వచించలేదు. కనుక లెక్క వేసి చూడడం మినహా మార్గం లేదు. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. 28 ఏళ్ల తాపీ మేస్త్రీ నెలకు రూ.12,000 సంపాదిస్తున్నాడు. లారీ ఢీకొని తలకు తీవ్ర గాయమైంది. ప్రాణం దక్కింది గానీ నూరు శాతం వైకల్యం మిగిలింది. బీమా కంపెనీ లోక్ అదాలత్‌లో రూ.15 లక్షలు ఇస్తామన్నది. కూలికి పోయే ఇంట్లో అంత డబ్బు ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు. భార్య తల ఊపుతుంది. న్యాయవాది కూడా ఏళ్లు గడిచే కంటే ఇదే మేలంటాడు.

ఇప్పుడు సుప్రీంకోర్టు తీర్పుల ప్రకారం లెక్క చూద్దాం. నలభై ఏళ్ల లోపు స్వయం ఉపాధి లేదా నిర్ణీత వేతనం గల వ్యక్తి ఆదాయానికి భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. గాయపడి వైకల్యం పొందిన వారికీ ఆ పెరుగుదల వర్తిస్తుందని 2020లో మరో తీర్పు స్పష్టం చేసింది. ఆ లెక్కన నెలకు రూ.16,800, ఏడాదికి రూ.2,01,600 అవుతుంది. 26 నుంచి 30 ఏళ్ల వయసు వారికి గుణకం 17 అని 2009 తీర్పు నిర్ణయించింది. హెచ్చవేస్తే రూ.34,27,200. ఇది పోయిన సంపాదన మాత్రమే. మలమూత్రాలకు కూడా మరొకరి ఆసరా కావలసిన మనిషికి సహాయకుడి ఖర్చు నెలకు రూ.8,000 అనుకున్నా అదే గుణకంతో మరో రూ.16,32,000 అవుతుంది. రెండూ కలిపితే రూ.50,59,200. ఆసుపత్రి బిల్లులు, మున్ముందు చికిత్స, బాధకు పరిహారం ఇందులో చేరలేదు.

కాబట్టి రూ.15 లక్షలు దానం కాదు. అలాగని ప్రతి రాజీ మొత్తమూ ఈ లెక్కకు సమానంగా ఉండాలనడం కూడా సరి కాదు. ప్రమాదంలో మేస్త్రీ తప్పు కూడా కొంత ఉండవచ్చు. ఆదాయానికి ఆధారం దొరకకపోవచ్చు. లారీ డ్రైవరుకు లైసెన్సు లేదని, తమ బాధ్యత లేదని కంపెనీ వాదించవచ్చు. అప్పీళ్లకు ఏళ్లు పడతాయి, ఈలోగా ఇల్లు గడవాలి. ఇవన్నీ మొత్తం తగ్గించుకోవడానికి న్యాయమైన కారణాలే. ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది అన్నది రికార్డులో ఉండాలి. యాభై లక్షల కేసు పదిహేను లక్షలకు తెగినప్పుడు ఒక్క వాక్యమైనా కారణం రాయకుండా అనుమతి మంజూరు అని ముగిస్తే, ఆ అనుమతికి రబ్బరు ముద్రకు మించిన విలువ ఉండదు.

సహాయకుడి ఖర్చును తేలికగా తీసుకోరాదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాటింది. 2007లో ప్రమాదానికి గురైన పన్నెండేళ్ల బాలిక మెదడు తీవ్రంగా దెబ్బతిని, తొమ్మిది నెలల శిశువు స్థితిలో మిగిలిపోయింది. ట్రిబ్యునల్ ఇచ్చిన సుమారు రూ.11 లక్షలను హైకోర్టు సుమారు రూ.25.78 లక్షలకు పెంచింది. సుప్రీంకోర్టు దానిని రూ.62.27 లక్షలు చేసింది. ఆమెకు ఇద్దరు సహాయకులు అవసరమని గుర్తించి, ఆ ఖర్చును కూడా గుణకం పద్ధతిలోనే లెక్కించింది. మొదటి మెట్టులోనే ఆ కుటుంబం రాజీ పడి ఉంటే ఏ మొత్తానికి తెగేదో ఊహించడం కష్టమేమీ కాదు.

భూమి పంపకాల్లో మరింత గుట్టు

ప్రమాద కేసుల్లో అవతలి పక్షం బయటి కంపెనీ. భాగ పంపిణీ దావాల్లో అవతలి పక్షం ఇంట్లోనే ఉంటుంది. అక్కడే జాగ్రత్త మరింత అవసరం.

ఒకప్పటి హిందూ ధర్మశాస్త్ర సంప్రదాయంలో పుట్టుకతో మతిలేని వారికి వారసత్వ హక్కే ఉండేది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఆ వివక్షకు తెర దించింది. ఏ వ్యాధి, లోపం, వైకల్యం వారసత్వానికి అడ్డు కాదని చెప్పింది. చట్టం మారి డెబ్బై ఏళ్లు కావస్తున్నా ‘వాడికి భూమి ఎందుకు, తిండి పెడితే చాలదా’ అన్న మాట రచ్చబండల మీద ఇంకా వినిపిస్తూనే ఉన్నది.

ఆ మాటే కాలక్రమంలో రాజీ పత్రంలోకి ఎక్కుతుంది. ముగ్గురు అన్నదమ్ములకు ఆరెకరాలు ఉన్నాయనుకుందాం. చిన్నవాడికి బుద్ధిమాంద్యం. ఇద్దరన్నలు చెరి మూడెకరాలు పంచుకుని, తమ్ముణ్ని జీవితాంతం పోషిస్తామని రాసిస్తారు. తల్లి గార్డియన్‌గా సంతకం పెడుతుంది. పైకి చూస్తే ఇది ధర్మంగానే కనిపిస్తుంది. అయితే ఆ పోషణ హామీకి పూచీ ఏమిటి? అన్న భూమి అమ్ముకుని పట్నం పోతే ఆ హామీ ఎవరి నుంచి రాబట్టాలి? తమ్ముడి పోషణకు ఆ భూమిపై చార్జి ఉన్నట్టు రాజీ డిక్రీలో రాయిస్తే, అమ్మినా హక్కు వెంట వస్తుందని పట్టుబట్టేందుకు ఆధారం ఉంటుంది. ఆ ఒక్క పంక్తి లేని రాజీ పత్రం ఉత్తి మాట.

భూమికి బదులు నగదు ఇస్తామన్నప్పుడు మరో తిరకాసు ఉంటుంది. రాజీ పత్రంలో విలువ కట్టేటప్పుడు రిజిస్ట్రేషన్ కార్యాలయపు ధరను చూపడం తేలిక. బహిరంగ మార్కెట్ ధర దానికి ఎన్ని రెట్లు ఉంటుందో రహదారి పక్క పొలాలున్న ఊళ్లలో అందరికీ తెలుసు. ఎకరం విలువ ఏ లెక్కన కట్టారని న్యాయమూర్తి అడగకపోతే, అడిగే మరో మనిషి ఆ గదిలో ఉండడు.

గార్డియన్ ఎవరన్నది కూడా ఇక్కడే తేలాలి. దావాలో భాగం కోరుతున్న అన్నే తమ్ముడికి గార్డియన్ కావడం 32వ ఆర్డరు స్ఫూర్తికే విరుద్ధం. తల్లి ఉత్తమురాలే కావచ్చు. కానీ ఆమెకూ ఆస్తిలో వాటా ఉంటే, ఆమె పోషణ పెద్దకొడుకు మీదే ఆధారపడి ఉంటే, ఆమె సంతకం ఎంత స్వేచ్ఛగా పడిందో ఆలోచించవలసిందే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ కూడా ఈ విషయమే చెప్పింది. ఆర్థిక లావాదేవీలో తోడుగా ఉండే వ్యక్తి ప్రయోజనానికి, దివ్యాంగుడి ప్రయోజనానికి వైరుధ్యం వస్తే ఆ వ్యక్తి ఆ లావాదేవీ నుంచి తప్పుకోవాలన్నది.

కోర్టు గడప తొక్కకుండా పెద్దమనుషుల సమక్షంలో జరిగే పంపకాలకు ఈ వడపోత ఏదీ లేదు. తెల్లకాగితంపై వేలిముద్ర వేయించి పని ముగిస్తారు. 1872 కాంట్రాక్టు చట్టం 11, 12 సెక్షన్ల ప్రకారం ఒప్పందం చేసే సమయాన దానిని అర్థం చేసుకుని తన లాభనష్టాలు బేరీజు వేసుకోగల స్థితిలో లేని వ్యక్తి ఒప్పందం చెల్లదు. రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళ్లినా, దస్తావేజు రాసిచ్చే వ్యక్తి మతిస్థిమితం లేనివాడని కనిపిస్తే రిజిస్ట్రేషన్ నిరాకరించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ సబ్ రిజిస్ట్రారుకు నిర్దేశించింది. రద్దీ రోజున వరుసలో నిలబడి తలూపే మనిషి స్థితి ఆయనకు ఎంతవరకు కనిపిస్తుందన్నది వేరే సంగతి.

లోక్ అదాలత్‌లో తొందర

లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువను 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ కట్టబెట్టింది. దానిపై అప్పీలు లేదు. మోసం జరిగిందన్నా విడిగా దావా వేయడం కుదరదని, హైకోర్టులో రిట్ పిటిషన్ ఒక్కటే మార్గమని తెలంగాణ నుంచి వెళ్లిన భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులో సుప్రీంకోర్టు 2017లో తేల్చి చెప్పింది. లోక్ అదాలత్‌కు తీర్పు చెప్పే అధికారం లేదని, కక్షిదారుల మధ్య కుదిరిన రాజీని నమోదు చేయడమే దాని పని అని 2008లోనే మరో తీర్పు వచ్చింది.

ఈ రెండింటినీ కలిపి చదివితే ప్రమాదం ఎక్కడున్నదో తెలుస్తుంది. రాజీ నమోదు కావడానికి పది నిమిషాలు చాలు. దానిని విప్పాలంటే అమరావతికో హైదరాబాద్‌కో వెళ్లి రిట్ వేయాలి. బుద్ధిమాంద్యం ఉన్న వ్యక్తి తరఫున అంత దూరం వెళ్లేదెవరు? అందుచేత ఇలాంటి కేసును లోక్ అదాలత్‌కు పంపే ముందే, మూల కోర్టు లేదా ట్రిబ్యునల్‌లో అనుమతి దరఖాస్తు వేసి, వైద్య నివేదిక చూపి, ఉత్తర్వు నమోదు చేయించుకోవడం క్షేమం. లక్ష్యాల కోసం కేసులు ఏరే రోజుల్లో ఇలాంటి ఫైళ్లను పక్కకు తీసి మరో రోజుకు వాయిదా వేసే న్యాయాధికారి అంకెల్లో వెనకబడవచ్చు. అయినా ఆ వాయిదా వల్ల కక్షిదారుడికి నష్టం లేదు.

డబ్బు వచ్చాక

పరిహారం మంజూరుతో కథ సగమే అవుతుంది. కేరళ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు సంబంధించిన కేసులో 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలే ఇప్పటికీ ట్రిబ్యునళ్లకు దారిదీపం. మైనర్ల సొమ్మును దీర్ఘకాలిక డిపాజిట్‌లో ఉంచాలి. నిరక్షరాస్యుల విషయంలోనూ అదే జాగ్రత్త పాటించాలి. ఆ డిపాజిట్లపై అప్పు ఇవ్వరాదని బ్యాంకుకు చెప్పాలి. అత్యవసరం వస్తే దరఖాస్తు పెట్టుకుని తీసుకునే వీలు కల్పించాలి. వీటిని యాంత్రికంగా అమలు చేసి అక్షరాస్యులను కూడా ఇబ్బంది పెట్టరాదని 2012లో అదే కోర్టు హెచ్చరించింది. నెక్స్ట్ ఫ్రెండ్ కోర్టు అనుమతి లేకుండా సొమ్ము తీసుకోరాదని 32వ ఆర్డరు 6వ నిబంధన చెబుతున్నది. కోర్టు పూచీకత్తు కూడా కోరవచ్చు.

మైనరు డిపాజిట్‌కు ముగింపు తేదీ ఉంటుంది. మానసిక అసమర్థత గల పెద్దవారి డిపాజిట్‌కు ముగింపు తేదీ ఏది? నెలనెలా వడ్డీ సంరక్షకుడి ఖాతాలో పడుతూనే ఉంటుంది. ఆ వడ్డీతో మందులు కొంటున్నారా, మరొకరి పెళ్లి చేస్తున్నారా అని మళ్లీ విచారించే ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఫైలు రికార్డు గదికి చేరాక ఆ మనిషి కూడా ఫైలుతో పాటే మరుగున పడతాడు. చట్టంలో కంటే ఆచరణలోనే ఉన్న ఈ లోటును పూడ్చడానికి పెద్ద సవరణలు అక్కరలేదు. ఏడాదికోసారి లెక్కలు దాఖలు చేయాలని అనుమతి ఉత్తర్వులోనే ఒక షరతు రాస్తే చాలు.

సంరక్షకుడు ఎవరు?

కన్నవారికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండిన మరుక్షణం తల్లిదండ్రులు సహజ సంరక్షకులు కాకుండా పోతారు. బిడ్డకు ఎంతటి బుద్ధిమాంద్యం ఉన్నా ఇదే సూత్రం. ఆ తరువాత బ్యాంకులో, కోర్టులో, రెవెన్యూ కార్యాలయంలో సంతకం పెట్టాలంటే విడిగా నియామకం కావాలి. సదరం ధ్రువపత్రమైనా, యూడీఐడీ కార్డయినా పింఛనుకు, రాయితీలకు పనికి వస్తుంది గానీ సంరక్షక నియామకం కాదు.

ఆటిజం, మస్తిష్క పక్షవాతం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్న వారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం దారి చూపింది. జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి సారథ్యంలోని స్థానిక స్థాయి కమిటీ దరఖాస్తు పరిశీలించి సంరక్షకుణ్ని నియమిస్తుంది. న్యాయవాదుల ఖర్చు లేని మార్గమిది. స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధి ఉన్నవారికి, మతిమరుపు వ్యాధి వచ్చిన వృద్ధులకు, ప్రమాదంలో స్పృహ కోల్పోయిన వారికి ఈ చట్టం వర్తించదు. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో అలాంటి వారి ఆస్తి నిర్వహణకు జిల్లా కోర్టు ద్వారా సంరక్షకుణ్ని, మేనేజరును నియమించే అధ్యాయం ఉండేది. దాని స్థానంలో వచ్చి 2018 మేలో అమలైన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స హక్కులపై విస్తారంగా చెప్పింది గానీ ఆస్తి సంగతి విడిచిపెట్టింది. 2016 దివ్యాంగుల చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా కోర్టు పరిమిత సంరక్షకత్వం ఇవ్వవచ్చు. అది నిర్దిష్ట నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి మాత్రమే. దీర్ఘకాలం స్పృహ లేని వారి కుటుంబాలు హైకోర్టు మెట్లెక్కుతున్నాయి. కేరళ హైకోర్టు 2019లో అలాంటి వారి సంరక్షక నియామకానికి మార్గదర్శకాలే రూపొందించింది. పొలం మీద బతికే కుటుంబం ఆసుపత్రి బిల్లు కోసం హైకోర్టుకు వెళ్లవలసి రావడం ఏ లెక్కన సబబో పాలకులే చెప్పాలి.

ముద్ర వేసే ప్రమాదం

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. రక్షణ పేరిట మనిషిని పిచ్చివాడని ముద్ర వేసి ఆస్తి కాజేసే ఎత్తులు పల్లెలకు కొత్త కావు. భర్త పోయిన కోడలు వాటా అడిగితే ఆమెకు మతి చలించిందనడం పాత ఆయుధం. ఎప్పుడో ఎర్రగడ్డలోనో, విశాఖ మానసిక చికిత్సాలయంలోనో వైద్యం పొందిన చీటీని చూపి దావాలో ఆమెకు గార్డియన్‌ను పెట్టమని కోరవచ్చు. ఈ ఎత్తుకు 2017 చట్టం 3వ సెక్షన్ అడ్డుకట్ట వేసింది. మానసిక వ్యాధి ఉందని నిర్ధారించినంత మాత్రాన ఆ వ్యక్తి మతిస్థిమితం లేనివారు కారని, సమర్థ న్యాయస్థానం ప్రకటిస్తేనే అవుతారని చెప్పింది. కాంట్రాక్టు చట్టం కూడా మధ్యమధ్య స్వస్థత పొందే వ్యక్తి ఆ సమయంలో చేసుకున్న ఒప్పందం చెల్లుతుందని ఏనాడో అన్నది.

కాబట్టి 15వ నిబంధన కింద విచారణ అంటే ధ్రువపత్రం చూసి తలూపడం కాదు. న్యాయమూర్తి ఆ వ్యక్తిని పిలిచి, వీలైతే తన గదిలో కూర్చోబెట్టి, ఇది ఏ కేసో తెలుసా, ఎంత ఇస్తామంటున్నారు, నీకు ఏమి కావాలి అని తేలిక మాటల్లో అడగాలి. వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి. పూర్తిగా అర్థం చేసుకోలేకపోయినా ‘నాకు ఇల్లు కావాలి, డబ్బు వద్దు’ అని చెప్పగలిగిన వారు ఎందరో. ఆ మాట కూడా రాజీలో లెక్కకు రావాలి.

ఇంగ్లండు కేసు చెప్పే సంగతి

ముద్ర వేయడం ఒక ప్రమాదమైతే, అసమర్థతను ఎవరూ గుర్తించకపోవడం మరొకటి. ఇంగ్లండులో 1999లో రోడ్డు దాటుతున్న ఒక మహిళను మోటారు సైకిల్ ఢీకొన్నది. తలకు గాయమైంది. 2003 జనవరిలో విచారణ నాడు, కోర్టు గుమ్మం వద్దనే 12,500 పౌండ్లకు రాజీ కుదిరింది. ఆమె గాయం తీవ్రత ఆమె న్యాయవాదులకే పూర్తిగా తెలియదు. ఆమెకు వ్యాజ్యం నడిపే మానసిక సామర్థ్యం లేదని తరువాత తేలింది. ఆమె అసలు క్లెయిము విలువ లక్షల పౌండ్లలో ఉంటుందని అంచనా వేశారు. 2014 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు, కోర్టు ఆమోదం లేని ఆ రాజీ చెల్లదని తీర్పు చెప్పింది. ఆమె అసమర్థత అవతలి పక్షానికి ఆనాడు తెలియకపోయినా సరే చెల్లదన్నది. ఆమె సామర్థ్యాన్ని న్యాయవాదులు తేలికగా తయారు చేసిన చిన్న క్లెయిముతో కాక, ఆమెకు వాస్తవంగా ఉన్న పెద్ద క్లెయిముతో పోల్చి చూడాలని కూడా చెప్పింది.

ఇక్కడి ప్రమాద కేసులకు ఇది నేరుగా వర్తించే తీర్పు కాదు గానీ అందులోని హెచ్చరిక ఇక్కడికీ సరిపోతుంది. తలకు దెబ్బ తగిలిన మనిషి నడుస్తూ, నవ్వుతూ, సంతకం కూడా పెడుతూ ఉండవచ్చు. కాలు విరిగితే అందరికీ కనిపిస్తుంది, మెదడు దెబ్బతింటే కనిపించదు. తలగాయం ఉన్న ప్రతి క్లెయిములో రాజీకి ముందు నాడీ వైద్యుని లేదా మానసిక వైద్యుని నివేదిక అడగడం న్యాయవాదికి గానీ, ట్రిబ్యునల్‌కు గానీ పెద్ద భారం కాదు.

ఎక్కడ అడగాలి?

దివ్యాంగులకు ఆదాయ పరిమితితో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవల అధికార సంస్థలో గానీ, తాలూకా కోర్టుల వద్ద ఉండే మండల న్యాయసేవల కమిటీలో గానీ దరఖాస్తు ఇవ్వవచ్చు. ఉచిత సహాయ నంబరు 15100. మానసిక వ్యాధి, మేధో వైకల్యం గల వారి కోసం జాతీయ సంస్థ 2015లో ప్రత్యేక పథకం తెచ్చి, 2024లో దానిని కొత్త రూపంలో ప్రకటించింది. ‘మనోన్యాయ్’ పేరిట ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయాలన్నది ఆ పథకంలోని అంశం. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదన్న కారణంతో వచ్చిన మొత్తానికి తలొగ్గవలసిన పని లేదు.

నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడిగా నియమితులైన వారు ఆరు నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తిపాస్తుల జాబితాను స్థానిక కమిటీకి ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో ఏటా లెక్కలు సమర్పించాలి. సంరక్షకుడు ఆ వ్యక్తిని పట్టించుకోకపోయినా, సొమ్ము దుర్వినియోగం చేసినా తొలగించమని తల్లి, తండ్రి, బంధువు లేదా ట్రస్ట్ వద్ద నమోదైన సంస్థ ఆ కమిటీకే అర్జీ పెట్టవచ్చు. కమిటీ విచారించి తొలగిస్తే, పాత సంరక్షకుడు ఆస్తి బాధ్యతను కొత్త సంరక్షకుడికి అప్పగించి, తాను అందుకున్న, ఖర్చు చేసిన సొమ్ముకు లెక్క చెప్పవలసి ఉంటుంది.